పురుగు లేని పట్టు

“పెడతావా, పెట్టవా? ఒక్క మాట చెప్పు.”

“పెట్టనవ్వా.”

“మరి అదెందుకే? రెండు అద్దాల మధ్యన పెట్టుకొని పూజ చేసేదానికా?”

“దాన్ని ఇంకా ఎలుకలకు కూడా పెట్టి చూడలేదవ్వా. ముందు ఎలుకలకు పెట్టాల. మనుషులు ఆ తర్వాత.”

“ఎలుకల తర్వాతా మీ తాత?”

“అవును. ఎలుకల తర్వాతే.”

నవ్వుతూ అని ఉంటే ఊరుకునేదాన్నేమో. నా మనవరాలు ఆ మాట నవ్వకుండా అంది. సాయంత్రం పూట, పొయ్యి మీద చారు మరుగుతుండగా, మేమిద్దరం మా వంటింట్లో ఒక వెల్లుల్లి పొరంత ముక్క కోసం పోట్లాడుకుంటున్నాం. వెల్లుల్లి పొర అని ఊరికే అనడం లేదు, అచ్చం అలాగే ఉంది. పల్చగా, కొంచెం పసుపు తిరిగి, వెలుతురుకు ఎత్తి చూస్తే అవతల వేళ్లు కనబడేట్టు. దాన్ని గాజు పలకల మధ్య పెట్టి, పలకలను డబ్బాలో పెట్టి, డబ్బాను మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆ ముక్కకు జరిగిన మర్యాద మా గడప తొక్కిన ఏ చుట్టానికీ జరగలేదు.

పోనీ అది గొప్ప ముక్క కూడా కాదు. ఆరబెట్టేటప్పుడు బుడగలు పడి చెడిపోయిందట. ఇన్నేళ్లుగా తను చేస్తున్న పని ఏమిటో మాకు చూపిద్దామని, పారేయాల్సిన దాన్ని అడిగి తెచ్చుకుంది. అలాంటప్పుడు తాత కాలి పుండు మీద వేస్తే ఏం పోతుంది? పారేస్తుందట గానీ పెట్టదట. ఇటువంటి దుబారా నేను నా జన్మలో చూడలేదు.

మా పిల్ల ఒక యూనివర్సిటీలో పట్టు తయారు చేస్తుంది. ఎవరైనా అడిగితే నేను ఇంతవరకే చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఆ పైన చెబితే నవ్వుతారు. మొదటిసారి నేనూ ఏ పురుగుతో అని అడిగాను. పురుగు లేదవ్వా, పొగాకు అంది.

తను చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. పొగాకు మొక్కలోంచి కంటికి కనబడనంత చిన్న నలుసులను తీస్తారట. వాటిని కణాలంటారు. చక్కెర నీళ్లలో వేసి సీసాల్లో పెడితే ఆ నలుసులే పెరిగి పెరిగి ఇంకా నలుసులవుతాయట. ఆకు లేదు, వేరు లేదు, మట్టి అసలే లేదు. పట్టుపురుగు తన ఒంట్లో పట్టు ఎలా చేసుకుంటుందో, ఆ కిటుకును ఈ నలుసుల్లో దూర్చి పెడతారట. ఇక అవి తమ పని తాము చేసుకుంటూ పట్టు కూడా చేసిపెడతాయట. దారంగా కాదు, దారానికి ముందుండే సరుకుగా. దాన్ని నలుసుల్లోంచి వేరు చేసి, శుభ్రం చేసి, పల్చగా పోసి ఆరబెడితే ఈ పొర వస్తుంది. కాలిన చోటా, మానని పుండ్ల మీదా వేస్తే కొత్త చర్మం దాన్ని పట్టుకొని, పందిరి మీద తీగలా పాకుతుందని, పని అయ్యాక అది ఒంట్లోనే కరిగిపోతుందని వాళ్ల ఆశ. ఆశ అనే చెప్పింది. ఆ మాటకు మాత్రం మెచ్చుకోవాలి.

ఫోన్లో బొమ్మలు చూపించింది. సీసాల నిండా రాగి జావ లాంటిది, ఒక బల్ల మీద వరసగా గిరగిరా తిరుగుతోంది. ఎందుకు తిప్పుతున్నారంటే, తిప్పకపోతే లోపలున్నవాటికి ఊపిరి ఆడదట. వాళ్ల నాయన, అంటే మా కొడుకు, సముద్రం పక్కన రొయ్యల గుంటల మీద కాపురముంటాడు. గుంటలో గాలిచక్రాలు ఆగితే రొయ్యలు చస్తాయని, కరెంటు పోతే జనరేటరు దగ్గరికి పరిగెత్తడమే వాడి బతుకు. కూతురేమో పొగాకు నలుసులకు ఊపిరాడటం లేదని సీసాలు తిప్పుతోంది. మా ఇంట్లో ఎవరూ గాలి ఆడించకుండా బతుకుతున్నది మేమిద్దరం ముసలివాళ్లమే.

ఇంత తిప్పలు ఎందుకు, పట్టుపురుగులు లేవా దేశంలో అని అడిగాను. వాటి పట్టు వాడుతూనే ఉన్నారంది. కానీ పురుగు చేసేది ఒకటే రకం, దానికి జిగురు ఉంటుంది, ఉడకబెట్టి వదిలించాలి. నలుసులకైతే మనకు ఏ రకం కావాలో చెప్పి చేయించుకోవచ్చు. సాలెపురుగు దారం కూడా చేయించవచ్చట. సాలెపురుగులనే పెంచుకోవచ్చుగా అంటే, వాటిని ఒకచోట పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయట. మా పాత కొట్టంలో కొన్ని తరాలుగా కలిసే ఉంటున్నాయి, మాకంటే సఖ్యంగా ఉన్నాయి, వచ్చి చూసుకోమన్నాను.

ఆమె ఎన్ని చెప్పినా నా మాట నాది. పురుగు నోట్లోంచి రానిది పట్టు కాదు. చక్కెర నీళ్లలో పొగాకును ఊరబెట్టి పట్టంటే, రేపు చింతపండు పిసికి బంగారమంటారు. ఈ విషయంలో మా ఆయన నా పక్షం. మేమిద్దరం ఒక పక్షాన ఉండటం అరుదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన మా ఇంట్లో పట్టుకు పెద్ద. ఎలా పెద్ద అయ్యాడంటే, షష్టిపూర్తికి నాకొక పట్టుచీర తెచ్చాడు. నన్ను తీసుకుపోకుండా తనొక్కడే నెల్లూరు పోయి, ఒక పెద్ద బట్టల అంగడిలో బేరమాడి తెచ్చాడు. ముదురు ఆకుపచ్చ, ఎర్ర అంచు. తెచ్చిన రోజు నుంచి అదే కథ. సగం ధరకు ఇచ్చినాడు, ఊరికే నమ్మలేదు నేను, నా కళ్ల ముందర పోగు లాగి కాల్చి చూపించినాడు, వెంట్రుక కాలిన వాసన వచ్చింది, మసి వేళ్ల మధ్య పొడి అయిపోయింది, అసలైన పట్టంటే అదీ. పెళ్లిలో చెబుతాడు, పేరంటంలో చెబుతాడు, బస్సులో పక్కనున్నవాడికి చెబుతాడు. చీర కట్టుకున్నది నేను, ఊరేగింది ఆయన.

నేనూ దాన్ని తక్కువగా చూడలేదు. బీరువాలో పాత పంచెలో చుట్టి, కలరా ఉండలు వేసి, మడతలు మారుస్తూ దాచాను. ఎండలో వేయలేదు, సబ్బు తగలనివ్వలేదు, అది కట్టుకొని భోజనానికి కూర్చోలేదు. తన తమ్ముడి పెళ్లికి ఒక్కపూట ఇవ్వమని మా కోడలు నోరు తెరిచి అడిగితే, పట్టు ఒళ్లు మారితే చెడుతుందని చెప్పి పంపాను.

ఇక పుండు సంగతి. ఆయనకు షుగరు. గుంటల కట్ట మీద చెప్పుల్లేకుండా నడవడం ఆయనకు దొరతనం, చెప్పులేసుకుంటే రైతు కాడట. అలా నడుస్తుంటే కుడికాలి చిటికెన వేలి పక్కన నత్తగుల్ల కోసింది. చిన్న గాటు. పసుపు అద్దాడు, పాత బనీను చింపి కట్టుకున్నాడు, మాట్లాడకుండా ఊరుకున్నాడు. గాటు పుండైంది. పుండు పెద్దదైంది. దుప్పటి మీద మరక చూసి నేను అడిగితే, టీ ఒలికిందన్నాడు. కాళ్ల దగ్గర టీ తాగే మనిషిని నేను అప్పుడే చూశాను.

ఆస్పత్రికి పోదామంటే రాడు. దానికి కారణం ఉంది. ఆయన అన్న కూడా ఇలాగే వేలి పుండుతో ఆస్పత్రికి పోయాడు. చాలా ఆలస్యంగా పోయాడు, మోకాలి కింద కాలు లేకుండా తిరిగొచ్చాడు. మా ఆయనకు ఆ ఆలస్యం గుర్తులేదు, ఆస్పత్రి ఒక్కటే గుర్తుంది. పోతే కోస్తారు, పోకపోతే కోయరు. ఇదీ ఆయన తర్కం. ఆ కాలు పోతే మంచంలో కూర్చున్న ఆ మనిషిని ఎత్తి దించేది నేను. ఆ తర్కంలో నేను లేను.

మా పిల్ల వచ్చిన పూటే కట్టు విప్పించి చూసింది. ముఖం మాడ్చుకుని, తాతా రేపే నెల్లూరు పోదామంది. ఆయన కాలు పంచెలోకి లాక్కొని, “నువ్వు చదివింది పొగాకు చదువు, కాళ్ల చదువు కాదు. గమ్మునుండు” అన్నాడు.

అప్పుడు నాకు ఆ గాజు పలకలు గుర్తొచ్చాయి. పుండ్లు మానడానికే కదా ఆ పట్టు? పట్టు అవునో కాదో నాకు అనవసరం, మానితే చాలు. ఆస్పత్రికి కదలని మనిషి ఇంట్లో ఉన్నాడు, పుండుకు వేసే పొర ఇంట్లో ఉంది. కలిపితే అయిపోయేదానికి నెల్లూరు దాకా ఎందుకని అడిగాను. అక్కడి నుంచి మొదలైన పోట్లాటే పైన రాసింది.

అది చారు దించేదాకా సాగింది. అది పట్టు కాదన్నావు కదవ్వా, మళ్లీ ఎందుకు అడుగుతున్నావని తగులుకుంది. పట్టు కాకపోయినా మందు కావచ్చు కదా అన్నాను. మందు కూడా కాదు, శుభ్రంగా ఉందో లేదో తెలియదు, అందులో పొగాకు సరుకు ఇంకా మిగిలి ఉందేమో తెలియదు, పుండు మీద వేస్తే చీము పడుతుందేమో అంది. ఇన్నేళ్లు చదివి తెలియదు తెలియదు అనేదానికి ఇంత దూరం పోవాలా, మా వీధిలో కూర్చుంటే అందరూ అదే అంటారని నేనన్నాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ డబ్బా మాత్రం ఇవ్వలేదు. చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

“తెలియకుండా పెట్టి తాత కాలు పోగొడితే, నువ్వు నన్ను ఏమంటావవ్వా?” అంది.

నేను గరిటె తీసుకున్నాను. చారులో ఉప్పు ఎక్కువైందేమోనని చూశాను.

వరండాలో కూర్చున్న మా ఆయన ఇదంతా వింటున్నాడని మేమిద్దరం మరిచిపోయాం. ఆయన మా మాటల్లోంచి తనకు కావలసిన ముక్క ఏరుకున్నాడు. పట్టు పుండును మాన్పుతుంది. అంతే. ఎలుకలు, నలుసులు, తెలియదు తెలియదు, అవేవీ ఆయన చెవిన పడలేదు. పైగా మా అత్త ఉన్నన్నాళ్లూ ఎవరికి ఏం తెగినా పాత పట్టుగుడ్డ పీలిక కాల్చి, ఆ మసి కొబ్బరినూనెలో కలిపి పూసేది. మా అమ్మ చెప్పిందే ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లు చెబుతున్నారని ఆయనకు తోచింది. ఇంకేం. అటు అమ్మ, ఇటు మనవరాలు, మధ్యలో బీరువా.

మాకు ముందు వాసన వచ్చింది. ప్లాస్టిక్ కవరు కాలిన వాసన. పక్కింటామె మళ్లీ చెత్త తగలబెడుతోందనుకొని ఆమెను నాలుగు అనుకుంటూ పెరట్లోకి వెళ్లాను. మా పిల్ల నా వెనకే వచ్చింది.

ఆయన తులసికోట పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె, నా కత్తెర. కట్టు విప్పేసి ఉంది. చేతిలో పట్టకారు, పట్టకారు చివర నా పట్టుచీర అంచు ముక్క, ఎర్రది, మండుతోంది. మండటమంటే మసి అవ్వడం కాదు. ముడుచుకుపోయి, నల్లగా పొగలు చిమ్ముతూ, చుక్కలు చుక్కలుగా కారుతోంది. కింద బండ మీద పడిన చుక్కలు మిరియాల్లా గట్టిపడ్డాయి.

నేను చీరను చూస్తున్నాను. మా పిల్ల కాలిని చూస్తోంది.

“తాతా, కాలి మీద పడింది.”

“ఏంది?”

“కాలి మీద పడింది తాతా. మండుతా ఉండాది.”

ఆయన వంగి చూశాడు. కుడిపాదం మీద, పుండుకు ఇవతల, నల్లటి చుక్క ఒకటి అతుక్కొని ఇంకా పొగలు వదులుతోంది. చుట్టూ చర్మం తెల్లబడింది. ఆయన దాన్ని ఎవరిదో కాలి మీద పడినట్టు చూశాడు. పట్టకారు పక్కన పెట్టి, వేలితో ముట్టుకోబోయి, చెయ్యి చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు. చేతికి తెలిసింది. కాలికి తెలియలేదు.

మా పిల్ల చెంబుతో నీళ్లు పోస్తూనే ఉంది. నాకు ఆయన్ని అనడానికి కావలసినంత ఉంది, ఎదురుగా అంత సరుకు కాలుతూ పడి ఉంది, అయినా ఇంకో చెంబు నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆయన కాలివైపే చూస్తూ, ఎప్పటినుంచి ఇట్టా ఉండాదో అన్నాడు. ఎవర్ని అడిగాడో తెలియదు.

చల్లారాక నల్లచుక్క ఊడి వచ్చింది. నేను బండ మీది మిరియపు గింజనొకదాన్ని తీసుకొని వేళ్ల మధ్య నలిపాను. నలగలేదు. గోటితో నొక్కాను. దిగలేదు.

“పోగు లాగి కాల్చి చూపించినాడన్నావే,” అన్నాను.

“చూపించినాడే.”

“ఏ కోక నుంచి లాగినాడు?”

ఆయన గుర్తు చేసుకోబోయాడు. అంగడివాడి చేతి దాకా గుర్తొచ్చింది. ఆ చేతిలోకి పోగు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు రాలేదు. చీర మడతలో నుంచి లాగినాడనుకున్నాను అన్నాడు. అనుకున్నాడు. ఆ అనుకోవడాన్ని ఇన్నేళ్లు నేను కలరా ఉండలు వేసి దాచాను. మా కోడలికి ఇవ్వకుండా కాపాడాను. ఇది వినడానికి ఆమె గానీ ఆ పూట మా ఇంట్లో ఉండి ఉంటే, నేను సముద్రంలో దిగేదాన్ని.

మా పిల్ల నవ్వితే తన్నేదాన్ని. నవ్వలేదు. మరిగించి చల్లార్చిన నీళ్లతో ఆయన కాలు కడిగి, తెల్లటి కొత్త గుడ్డ చుట్టి, లోపలికి పోయి డబ్బా తెచ్చింది. నేను అడగకుండానే గాజు పలకలు విప్పింది. పొరలో ఒక మూల గోరంత ముక్క కత్తిరించి, అదే పట్టకారుతో పట్టుకొని, నన్ను అగ్గిపుల్ల గీయమంది.

గీశాను. కారలేదు. కాస్త ముడుచుకొని, చిటపటమని, నల్లగా మాడి ఆరిపోయింది. వాసన చూశాను. పొగాకు వాసన వస్తుందనే అనుకున్నాను, వస్తే ఇంకో నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. మసిని వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది.

“ఇది కాలిస్తే పట్టని తేలినట్టా?” అని అడిగాను.

“కాదవ్వా. వెంట్రుక కాల్చినా ఇదే వాసన వస్తాది, ఈక కాల్చినా ఇదే. కోక మాత్రం పట్టు కాదని తేలినట్టు.”

గెలిచినప్పుడు కూడా ఒక మెట్టు కిందనే నిలబడుతుంది ఈ పిల్ల. ఇది చదువు నేర్పిన వినయమో, నన్ను ఉడికించడానికో ఇప్పటికీ నాకు తెలియదు. మిగిలిన పొర తాత కాలికి పెట్టమని నేను మళ్లీ అడగలేదు. అడిగినా పెట్టేది కాదు. ఆమె దాన్ని గాజుల మధ్య పెట్టేసి, డబ్బా మూసి, గుడ్డ చుట్టింది.

ఆయన పీట మీద నుంచి లేవలేదు. ఎడమకాలి బొటనవేలితో కుడిపాదాన్ని గోకి చూసుకుంటున్నాడు, అక్కడా ఇక్కడా, ఎంతవరకు తెలుస్తోందో వెతుక్కుంటున్నట్టు. మడమ పైదాకా వచ్చి ఆగాడు. అప్పుడు నాతో అన్నాడు, నా ముఖం చూడకుండా.

“ఏమ్మే. పొద్దున్నే ఆటో చెప్పు.”

కోయకుండా పంపుతారని నేను చెప్పలేదు. తెలియనిది చెప్పకూడదని అంతకు ముందే ఒకరి దగ్గర విన్నాను.

పొద్దున ఆటో వచ్చింది. ఆయన చెప్పులు వేసుకొని ఎక్కాడు, కుడికాలికి చెప్పు పట్టకపోతే మా పిల్ల వార్లు వదులు చేసింది. నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు ఒక సూది తీసుకొని పాదమంతా పొడిచి చూశాడు, ఎక్కడ తెలుస్తుందో చెప్పమన్నాడు. ఆయన చీలమండ దాకా ఏమీ చెప్పలేదు. చచ్చిన కండ తీసేసి పుండు కడిగారు. చిటికెన వేలు ఉంచవచ్చో లేదో కొన్నాళ్లు చూసి చెబుతానని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే పాదం మాట వచ్చేదని డాక్టరు అన్నాడు. రోజూ వచ్చి కట్టు మార్పించుకోవాలి, చెప్పుల్లేకుండా నేల మీద కాలు పెట్టకూడదు. ఆయన అన్నింటికీ తల ఊపాడు. నర్సు కట్టు కట్టింది. మామూలు తెల్ల నూలు గుడ్డ.